గాజు తోమే బూడిద

1981 ఆగస్టు పద్నాలుగు, శ్రావణ శుక్రవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నవి పులిహోర, కంద బచ్చలి కూర, అల్లప్పచ్చడి, పూర్ణాలు నాలుగు, చివర్లో పెరుగన్నం. నాలుగన్న లెక్క కచ్చితం. అయిదోది వెయ్యబోతే నేను విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. నా భార్య నాగరత్నం ఏమీ అనుకోకుండా "అయితే ఇది మీ యెహెజ్కేలు వాటా" అని దాన్ని కూడా క్యారియరు గిన్నెలో వేసింది. యెహెజ్కేలు మా కాలేజీ కెమిస్ట్రీ లేబొరేటరీలో అటెండరు. నాలుగేళ్ల కిందటి భోజనం ఎవరికీ ఇంత వివరంగా గుర్తుండదు, నాకూ లేదు. నెల రోజులుగా కూర్చుని, నూతిలో పడ్డ బకెట్టుని గాలంతో వెతికినట్టు వెతికి, ఒక్కొక్కటే పైకి లాగాను. కాలేజీ నుంచి ఇన్నీసుపేటలో మా ఇంటికి సైకిలు మీద పావుగంట, తిరిగి రావడానికి పావుగంట, పూజ ముగిసేదాకా కూర్చోవడం, భోజనం, వాన తగ్గేదాకా వీధరుగు మీద ఆగడం, అంతా కలిపి రెండు గంటలు. నేను లేని ఆ రెండు గంటల్లో లేబొరేటరీలో ఒక పొరపాటు జరిగింది. ఆరేళ్ల నా పరిశోధనలో పనికొచ్చిన ఫలితం ఒకే ఒక్కటి, అది ఆ పొరపాటు వల్లే వచ్చిందా లేదా అన్నది ఇంకో గంటలో తెలుస్తుంది.

ఇప్పుడు గోడగడియారంలో అయిదూ అయిదు. బ్యూరెట్టులోంచి మిథనాల్ పదిహేను సెకన్లకి ఒక చుక్క చొప్పున దిగుతోంది. కింద నిలువు ఫర్నేసు, దాని మధ్యలో గాజుగొట్టం, గొట్టం నడుమ గాజుదూది మీద అరచెంచాడు తెల్లటి పొడి. వేడి మూడు వందల డెబ్బై డిగ్రీలు. మిథనాల్ ఆవిరై ఆ పొడిలోంచి దూరి, కిందికి దిగి, మంచుముక్కల్లో పాతిన సన్నటి గాజుకుప్పెలో చల్లబడుతుంది. పొడి మంచిదైతే కుప్పెలో రెండు పొరలు కనబడాలి, అడుగున నీళ్లు, పైన నూనె. ఆ నూనె అచ్చం పెట్రోలే. ఒక సారాయి లాంటి ద్రవం ఒక రాతిపొడిలోంచి నడిచి అవతల పెట్రోలుగా దిగుతుందంటే, ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఇంకా వింతగానే ఉంటుంది. ఆ నూనె పొర గంటసేపు పెరుగుతూ పోతే నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం నిలబడుతుంది. మధ్యలో ఆగితే సోమవారం వాల్తేరు వెళ్లి, మా గైడు గారి ఎదురుగా కూర్చుని, ఆ అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నానండి అని చెప్పాలి. అది తీసేస్తే మిగిలిన మూడు అధ్యాయాలకీ పని లేదు. ఆరున్నరకి మా వీధి వంతు కరెంటు కోత. అంటే చేతిలో ఉన్నది గంటా ఇరవై అయిదు నిమిషాలు. యెహెజ్కేలు ఫర్నేసుకి అవతల ఎత్తు స్టూలు మీద కూర్చుని కుప్పె వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తున్నాడు. చూస్తే దిష్టి తగులుతుందని అతని భయం. లూథరన్ చర్చిలో పెద్ద అయినా ఆ భయం పోలేదు.

ఆ మంచు కూడా పొద్దున అతనే తెచ్చాడు, ఐసు ఫ్యాక్టరీ నుంచి, గోనెసంచిలో, ఊక కప్పి. ఊక ఎంత కడిగినా పూర్తిగా పోదు, కుప్పె చుట్టూ ముక్కల మధ్య పసుపుపచ్చ పొట్టు అక్కడక్కడ అతుక్కునే ఉంది. ఈ జిల్లాలో ఊక లేని చోటేదీ లేదు. మంచు కరగకుండా ఊక, ఇటికెల బట్టీలో ఊక, గోడకి పూసే మట్టిలో ఊక, వండుకోవడానికి ఊక. ఈ పొడిలో ఉన్నదీ ఊకే. ధాన్యపు పొట్టుని కాలిస్తే మిగిలే బూడిదలో నూటికి తొంభై పాళ్లు సిలికా. మనం ఇసుక అంటామే, ఆ పదార్థమే, కాకపోతే వరి మొక్క దాన్ని వేళ్లతో నీళ్లలోంచి పీల్చుకుని గింజ చుట్టూ కోటలా కట్టుకుంటుంది. దాన్ని క్షారంలో కరిగించి, కాస్త అల్యూమినియం, కాస్త విదేశీ లవణం కలిపి, మూసిన ఉక్కుపాత్రలో నాలుగు రోజులు ఉడికిస్తే జియోలైట్ అవుతుంది. జియోలైట్ అంటే రాయే, నిండా కంటికి కనబడని రంధ్రాలున్న రాయి. విదేశాల్లో పెద్ద కంపెనీలు కొన్న ఖరీదైన సిలికాతో చేస్తున్న పనిని మనం పారబోసే బూడిదతో చెయ్యొచ్చని నా థీసిస్ చెబుతుంది. చెప్పింది. చెబుతుందో లేదో చూడాలి.

రంధ్రం కొలత గురించి పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నేను కాలవ లాకులతో మొదలుపెడతాను. మా నాన్నగారు ధవళేశ్వరం కింద కాలవ లాకుల దగ్గర గుమాస్తా. పడవలు లాకు గదిలోకి వచ్చేవి, వెనక తలుపు మూసి నీళ్లు దింపేవారు, ముందు తలుపు తీసేవారు. ధాన్యం పడవలు ఎంత వెడల్పు ఉండాలన్నది వడ్రంగి నిర్ణయించేవాడు కాదు, లాకు నిర్ణయించేది. ఒకసారి ఎవరో మోజుపడి పెద్ద పడవ కట్టించుకుంటే అది లాకు దాటలేక రెండు లాకుల మధ్యే పదేళ్లు తిరిగి అక్కడే చీకిపోయింది. జియోలైట్ లోపల కూడా అదే జరుగుతుంది. మిథనాల్ చిన్న దోనె, సులువుగా లోపలికి వెళుతుంది, లోపల నీళ్లు వదిలేసి ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవవుతాయి, కానీ బయటికి రాగలిగేవి తలుపు పట్టినవే. తలుపు ఎనిమిది పరమాణువుల వలయమైతే మరీ ఇరుకు, గాలిలో కలిసిపోయే చిన్న వాయువులే వస్తాయి, కుప్పెలో నూనె ఉండదు. పన్నెండు పరమాణువుల వలయమైతే మరీ విశాలం, లోపల పెద్ద పెద్ద అణువులు పెరిగి, మసిగా మారి, దారి మూసేస్తాయి. పది పరమాణువుల వలయం సరిగ్గా పెట్రోలుకి సరిపడేంత. అందులోంచి ఒళ్లు రాసుకుంటూ బయటపడే ఆఖరి పెద్ద పడవ పేరు డ్యూరీన్, పది కార్బన్లది, చల్లబడితే తెల్లటి సూదుల్లా గడ్డకడుతుంది. అంతకన్నా పెద్దది రాదు. లాకు ఒప్పుకోదు. నాన్నగారు పడవ దగ్గరికి రాకముందే ఒడ్డున నిలబడి "ఇది పడుతుంది, ఇది పట్టదు" అని చెప్పేవారు, టేపు తీసేవారు కాదు. నేను ఇవాళ కూడా టేపు లేకుండానే చూస్తున్నాను. అసలైతే ఎక్స్‌రే తీయించాలి, ఆ యంత్రం వాల్తేరులో ఉంది, వంతు రావడానికి నెలన్నర. కళ్లెదుట నూనె చాలు.

అయిదూ పన్నెండు. కుప్పె గోడ మీద చెమ్మ పట్టింది. కాసేపటికి అడుగున చెంచాలో పావువంతు నీళ్లు, వాటి మీద ఉల్లిపొరంత పల్చగా ఏదో మెరిసింది. తొందరపడకు అని నాకు నేనే చెప్పుకున్నాను, అయిదో నమూనా కూడా ఇలాగే మెరిసింది. ఆ శుక్రవారపు మొదటి నమూనా విజయం తర్వాత నాలుగేళ్లలో ఏడు నమూనాలు చేశాను, ఏడూ పోయాయి. ఆరింట్లోంచి మిథనాల్ ఎలా పోసింది అలా దిగిపోయింది. అయిదోది మాత్రం ఇరవై నిమిషాలు చక్కగా నూనె ఇచ్చింది, నేను బజారుకి పరిగెత్తి యెహెజ్కేలుకి కాజాలు తెచ్చేలోపు ఆపేసింది. గొట్టం పగలగొట్టి చూస్తే పొడి బొగ్గులా నల్లగా ఉంది. ఎక్స్‌రేలో మార్డినైట్ అని తేలింది. దాని రంధ్రాలు పన్నెండు పరమాణువులవి, విశాలమే, కానీ అన్నీ ఒకే దిక్కుకి, పక్కసందు లేని వీధుల్లాగ. వీధి మధ్యలో ఒక్క బండి విరిగినా వెనకవన్నీ నిలిచిపోతాయి. నాకు కావలసిన రాయిలో నిలువు వీధులూ ఉంటాయి, వాటిని కోసుకుంటూ వంకర సందులూ ఉంటాయి, ఒకచోట అడ్డుపడితే చుట్టూ తిరిగి పోవచ్చు. అందుకే అది రోజుల తరబడి పనిచేస్తుంది. కాబట్టి మొదటి ఇరవై నిమిషాల్లో నూనె వచ్చినా నమ్మకూడదు. యెహెజ్కేలుకి ఆ సంగతి నాకన్నా బాగా గుర్తుంది, అందుకే కిటికీ వైపు చూస్తున్నాడు.

ఏడు నమూనాలకీ బూడిద మండపేట నుంచే తెచ్చాను. అక్కడ పల్లంరాజు గారి రైసుమిల్లు, మా మేనమామకి తెలిసినాయన. మొదటిసారి బస్సు దిగి వెళ్లి బూడిద కావాలంటే ఆయన కుర్చీలోంచి లేచి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏంటి మేస్టారూ, బూడిదలోంచి పెట్రోలు తీస్తారా? మా పొగగొట్టం బూడిద పడి ఊళ్లో ఆడాళ్లు ఆరేసిన బట్టలు పాడైపోతున్నాయని రోజూ తిట్లు తింటున్నానండి. సంచి ఏం ఖర్మ, లారీ పంపుతా, మొత్తం తోలుకుపొండి. పెట్రోలు వస్తే నా లారీకి ఓ ట్యాంకు పోయించండి చాలు." తర్వాత వెళ్లినప్పుడల్లా "ఏవండోయ్, ట్యాంకు ఎంతవరకూ వచ్చిందీ?" అని అడిగేవాడు. కాలేజీలో కుర్రాళ్లు నాకు బూడిద మేస్టారని పేరు పెట్టారు. ఒకసారి బోర్డు మీద కూడా రాశారు, నేను దాన్ని తుడవకుండా దాని పక్కనే సిలికా ఫార్ములా రాసి పాఠం మొదలుపెట్టాను. ఆ రోజు క్లాసు చాలా శ్రద్ధగా విన్నారు.

మా ఇంట్లో ఊకపొయ్యి ఉండేది. నాగరత్నానికి కిరసనాయిలు వాసన పడదు, కట్టెలు కొనడానికి మనసొప్పదు, బస్తా ఊక అడిగితే ఊరికే ఇచ్చేవారు. పెద్ద డబ్బాకి అడుగున పక్కన కంత పెట్టించి, మధ్యలో గుండ్రటి కర్ర నిలబెట్టి, చుట్టూ ఊక కూరి గట్టిగా దట్టించి, ఆ కర్ర మెల్లగా పైకి లాగేస్తే నిలువునా బెజ్జం మిగులుతుంది. కింది కంతలోంచి ఇంకో బెజ్జం వచ్చి దాన్ని కలుసుకుంటుంది. అక్కడ నిప్పు పెడితే మూడు గంటలు మంట. మొదట్లో అప్పడాల కర్ర పెట్టేది, బెజ్జం సన్నమై పొయ్యి ఆరిపోయేది. చిన్న రోకలి పెట్టి చూసింది, బెజ్జం పెద్దదై మంట భగ్గున లేచి ఊక కూలిపోయేది. ఒక రోజు నేను లేబొరేటరీలో మూతి విరిగిన వంద మిల్లీలీటర్ల మెజరింగ్ జార్ ఇంటికి తెస్తే అది తీసుకుని చేత్తో తడిమి చూసి "ఏమండీ, ఇది నాకిచ్చెయ్యండి" అంది. దేనికని అడిగాను. "సన్నంది పెడితే దానికి ఊపిరాడదు, లావుది పెడితే నిలవదు. ఇది సరిగ్గా ఉంది." నేను పేపరు చదువుతూ ఊఁ అన్నాను. రంధ్రాల కొలతల మీద పరిశోధన చేస్తున్న మనిషిని, నా వంటింట్లో నా భార్య మూడు కొలతలు మార్చి చూసి మధ్యది తేల్చుకుంటే పేపరులోంచి తల ఎత్తలేదు. ఇందులో బాధపడేదేం లేదు, ఆవిడ నా నుంచి చప్పట్లు ఆశించలేదు, ఆవిడకి కావలసింది అన్నం ఉడకడం. కానీ ఇప్పుడు అడగాలనిపించేవి చాలా ఉన్నాయి. ఊక ఎంత గట్టిగా దట్టించేది, పొయ్యి ఆరాక ఎంతసేపు కదపకుండా ఉంచేది. రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున్నే తీసేదనుకుంటాను, ఎందుకంటే ఆ బూడిద మిల్లు బూడిదలా నల్లగా, గరుగ్గా ఉండేది కాదు. తెల్లగా, కాస్త గులాబి చాయతో, బియ్యప్పిండిలా ఉండేది. దాన్ని జల్లించి, డాల్డా డబ్బాలో పోసి, నెలకో డబ్బా నా చేత కాలేజీకి పంపేది. గాజుసామాను తోమడానికి. "బజారు పొడితో గీతలు పడతాయి, యెహెజ్కేలుకి ఇది ఇవ్వండి." సైకిలు హేండిలుకి ఆ డబ్బా తగిలించుకుని ఎన్నిసార్లు వెళ్లానో. 1983 ఫిబ్రవరిలో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి వెళ్లిపోయింది, గుండె. ఆ పదకొండు రోజుల్లో తొమ్మిది రోజులు బాగానే మాట్లాడింది, అది కలిసొచ్చిన సంగతి. తర్వాత నేను స్టవ్వు కొనుక్కున్నాను. ఊకపొయ్యి పెరటి వసారాలో బోర్లించి ఉంది. జార్ దాని పక్కనే ఉంది.

అయిదూ ఇరవై అయిదు. గొట్టం పైభాగంలో పొడి ఇంకా తెల్లగానే కనిపిస్తోంది, పై అంచున మాత్రం లేతబూడిద రంగు గీత. నూనె పొర అర మిల్లీలీటరు దాటింది. యెహెజ్కేలు అడిగాడు, తల తిప్పకుండానే.

"అయిదో రాయి ఆగిన టైము దాటిందాండి?"

"ఇప్పుడే దాటుతోంది."

"దాటనివ్వండి. నాకు చెప్పకండి."

గత నెలలో, అదే స్టూలు దగ్గర, అతను కూర్చోలేదు. నేను గైడు గారికి ఉత్తరం రాసుకుంటున్నాను, మొదటి ఫలితం మళ్లీ రాబట్టలేకపోయానని, ఏడుసార్లు ప్రయత్నించానని, అది ఏదో తప్పు కొలతై ఉంటుందని, అధ్యాయం తీసేస్తానని. అతను భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"మేస్టారండి, ఆ ఉత్తరం ఇయ్యాల పోస్టు చెయ్యకండి."

"ఏం?"

"నన్నో మాట చెప్పనివ్వండి. ఆనక మీ ఇష్టం."

"కూర్చుని చెప్పు."

"కూర్చుంటే చెప్పలేనండి. ఆ శ్రావణ శుక్రవారం మీరు భోజనానికి ఎళ్తా, మిల్లు బూడిద ఆరబెట్టి తూచి ఉంచమన్నారు కదండి. బల్ల మీద పళ్లెంలో పరిచానండి. ఇంతలో ఆఫీసు నుంచి కబురొస్తే ఎళ్లానండి. వచ్చేతలికి పైన పెంకు జారి సరిగ్గా పళ్లెంలోకే ధార. అంతా బురదండి. సంచిలో ఇంక లేదు. మీకు చెప్తే తిట్టరని తెలుసండి. తిట్టకుండా అలా చూస్తారు చూడండి, దానికి భయమండి. సింకు కింద అమ్మగారి డబ్బా కనపడింది. ఇదీ ఊకే, అదీ ఊకే, బూడిద బూడిదే కదా అనుకున్నానండి. తూచి క్షారంలో కూడా కలిపి పెట్టేశాను."

నాకు ముందు కోపం రాలేదు, తర్వాతా రాలేదు, మధ్యలో మాత్రం నవ్వు లాంటిది ఏదో వచ్చింది. అంతా ఒక్కసారిగా అర్థమైపోయింది, లెక్క జవాబు వెనక పేజీలో చూసినట్టు. మిల్లు బాయిలరులో వేడి మరీ ఎక్కువ, ఆ వేడికి సిలికా గట్టిపడి స్ఫటికమైపోతుంది, క్షారంలో సగమే కరుగుతుంది. సిలికా తగ్గిందంటే మిశ్రమంలో అల్యూమినియం పాలు ఎక్కువైపోతుంది, అప్పుడే మార్డినైట్ లాంటివి పుడతాయి. ఊకపొయ్యి మెల్లగా, తక్కువ వేడిలో కాలుతుంది, ఆ బూడిద ఇట్టే కరిగిపోతుంది. నేను మిల్లు బూడిద అని రాసిన రాయి మిల్లు బూడిదది కాదు. ఇదంతా ఊహ, రుజువు కాదు, కానీ ఏడు పరాజయాలకీ ఒకే కారణం చెప్పగలిగే ఊహ.

"నాలుగేళ్లు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"అప్పుడు మీ రాయి పనిచేసిందండి. మీరు అంత సంతోషంగా ఉంటే ఎందుకులే అనుకున్నా. ఆనక పనిచెయ్యకపోతే చెప్దామనుకున్నాను, ఈలోపు అమ్మగారు పోయారు. అలాంటప్పుడు మీ ఎదురుగా బూడిద మాట ఎలా ఎత్తనండి?"

ఉత్తరం మడిచి సొరుగులో పెట్టాను. కొంతసేపటికి, ఆవిడ బూడిద ఇంకెక్కడుంటుందిలే అని నేను పైకే అనుకుంటే, అతను వంగి సింకు కింద గోనెపట్ట జరిపి డాల్డా డబ్బా తీశాడు. సగానికి కాస్త తక్కువ. మూత మీద అతనే కట్టిన గుడ్డ, పురికొస. "అమ్మగారు పంపిన ఆఖరి డబ్బా అండి. ఆయమ్మ పోయాక నేను ముట్టుకోలేదు."

"మరి రెండున్నరేళ్లుగా గాజు దేంతో తోముతున్నావు?"

"మా ఇంట్లో ఏసమ్మ పొయ్యి బూడిదండి. పిడకలది. గీతలు పడతన్నాయి, గీతలు పడతన్నాయి అని మీరు అంటానే ఉన్నారు కదండీ."

ఆ డబ్బాలోంచి ఈ పొడి వచ్చింది. ఎవరింటి ఊకపొయ్యి బూడిదతోనైనా ఇంకో నమూనా చెయ్యొచ్చు, అది పనిచెయ్యొచ్చు కూడా. కానీ ఆ శుక్రవారం ఏం జరిగిందో చెప్పగలిగే సాక్షి ఈ డబ్బా ఒక్కటే. పైగా ఉక్కుపాత్రలో వెయ్యవలసిన విదేశీ లవణం సీసా అడుగున ఒక్క నమూనాకి సరిపడా మాత్రమే మిగిలింది, గైడు గారు మళ్లీ తెప్పించడానికి ఏడాది పడుతుంది, నా గడువు మార్చితో సరి. ఆ లవణం చేసే పని చిత్రమైనది. సిలికా దాని చుట్టూ చేరి గోడలు కట్టుకుంటుంది. తర్వాత కాల్చేస్తే లవణం పోతుంది, అది ఉన్న చోటు అలాగే, దాని కొలతకే, ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీయే రంధ్రం. రాయి చేసే పనంతా ఆ ఖాళీలోనే జరుగుతుంది. మూడు వారాల కిందట, మెత్తటి పొడిని మూడోసారి కడుగుతుంటే నాకు పెరట్లో జార్ గుర్తొచ్చింది. చుట్టూ ఊక దట్టించడం, మెల్లగా పైకి లాగెయ్యడం. చేతులు కాసేపు నీళ్లలో అలాగే ఉంచాను, తర్వాత కడగడం పూర్తి చేశాను.

అయిదూ నలభై. ఫర్నేసు ఎర్రదీపం ఒకసారి రెపరెపలాడింది. ఇద్దరం ఒకేసారి లేచి నిలబడ్డాం. దీపం మళ్లీ నిలకడగా వెలిగింది.

"ఆరున్నరన్నారు కదండి?"

"ఆరున్నరే. ఇది వోల్టేజీ."

"సబ్‌స్టేషన్లో మా తోడల్లుడున్నాడండి. పొద్దున్నే ఎళ్లి చెప్పొచ్చాను. ఇయ్యాల మా మేస్టారికి పరీక్షరా, ముందుగా తీశావంటే క్రిస్మస్‌కి మా గుమ్మం తొక్కనివ్వనని."

అతని తోడల్లుడు చెయ్యగలిగేది ఏమీ ఉండదని ఇద్దరికీ తెలుసు. అయినా అతను పొద్దున్నే అయిదు మైళ్లు సైకిలు తొక్కాడు, మంచు తేవడానికి ముందు. ఇలాంటివి నేను ఈమధ్య గమనించడం నేర్చుకున్నాను, ఆలస్యంగానే. వేడి మూడు వందల అరవై ఆరుకి పడి మళ్లీ ఎక్కుతోంది. చుక్క, చుక్క. సోమవారం వాల్తేరు బండి ఎక్కినప్పుడు చేతిలో ఏముంటుందో ఈ చుక్కలు చెబుతున్నాయి, పదిహేను సెకన్లకి ఒక అక్షరం. నెగ్గినా నాలుగో అధ్యాయం మొదటి వాక్యం నుంచి తిరగరాయాలి, అది అబద్ధం గనక. నేను కావాలని ఆడలేదు, నిజం అనుకునే రాశాను, కానీ రాసిన మాట అబద్ధమే. నమూనా నెగ్గితే మిల్లు బూడిద పనికిరాదని రాయాలి, పల్లంరాజు గారికి ట్యాంకు లేదని చెప్పాలి. ఓడితే మరీ సులువు, ఏమీ రాయక్కర్లేదు. ఓడితే ఇంకోటి కూడా ఉంది, దాన్ని ఇంతవరకూ లెక్కలోకి తీసుకోలేదు. ఓడితే ఆ డబ్బా ఊరికే ఖర్చుపెట్టినవాణ్ణవుతాను. రెండున్నరేళ్లు ఒక మనిషి గుడ్డ కట్టి దాచిన దాన్ని.

ఆరు గంటలు. కింద ఆఫీసు తాళాలు వేస్తున్న చప్పుడు. పొర ఒకటిన్నర దాటి రెండో గీత వైపు వెళుతోంది. ఆగలేదు. ఎక్కడా ఆగలేదు. నేను కళ్లజోడు తుడుచుకుని వంగి చూశాను. మంచుకి ఆనుకున్న గాజుగోడ లోపలివైపు, నూనె మట్టానికి పైన, ఏదో సన్నటి తెల్లటి గీత. గాజుకి పడ్డ గీతేమో, ఏసమ్మ పొయ్యి గీతేమో అనుకున్నాను. దాని పక్కన ఇంకోటి లేచింది. తర్వాత మూడు, నాలుగు, ఒకే చోటినుంచి, దర్భపోచల్లా. సూదులు. డ్యూరీన్. లాకు తలుపులకి ఒళ్లు రాసుకుంటూ బయటికొచ్చిన ఆఖరి పడవ. ఇక టేపు అక్కర్లేదు.

"యెహెజ్కేలూ, ఇటు చూడు."

అతను ముందు నా మొహం చూశాడు, తర్వాతే కుప్పె. చాలాసేపు చూశాడు. "అమ్మగారిదేనా అండి అయితే?"

"ఆవిడదే."

"ఆయ్," అన్నాడు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని. తర్వాత, "నేను చేసిన ఎదవ పని మీ పుస్తకంలో ఎక్కించాలేమోనండి. ఎక్కించండి. ఇంకో ఏడాదిలో రిటైరు, ఎవడేమంటాడు."

ఆరూ అయిదుకి బ్యూరెట్టు కట్టేశాను. పాత నోటుబుక్కు తీసి 1981 ఆగస్టు పద్నాలుగు పేజీ తెరిచాను. "సిలికా: మండపేట మిల్లు బూడిద" అన్న మాట మీద ఒకే గీత, చదవడానికి వీలయ్యేలా, గీశాను. కింద రాశాను. "ఈ నమోదు తప్పు. బూడిద మిల్లుది కాదు. తూచేటప్పుడు నేను దగ్గర లేను, భోజనానికి ఇంటికి వెళ్లాను, తిరిగి వచ్చాక సరిచూసుకోలేదు. వాడినది గాజుసామాను తోమడానికి మా ఇంటి నుంచి వచ్చిన ఊకపొయ్యి బూడిద. తయారు చేసినది శ్రీమతి నాగరత్నం." తేదీ వేసి సంతకం పెట్టాను. యెహెజ్కేలుకి చదివి వినిపించాను. అతను విని, "నా పేరు మర్చిపోయారండి," అన్నాడు.

"మర్చిపోలేదు. బూడిద తూచడం నా పని. నేను పూర్ణాలు తింటున్నాను."

"నేనూ తిన్నానండి. ఆరు."

నూనెని చిన్న సీసాలోకి ఒంపి, బిరడా పెట్టి, మైనం పూసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. వాల్తేరుకి. ఫర్నేసు ఆపేశాం. బల్ల మీద కుప్పె, గరాటు, బీకర్లు మిగిలాయి. డబ్బాలో అడుగున రెండు పిడికిళ్ల బూడిద. అతను దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, "ఇదేం చెయ్యమంటారండి? మళ్లీ గుడ్డ కట్టెయ్యనా?" అన్నాడు.

నేను డబ్బాలోకి చూశాను. వేలితో కొంచెం తీసి రాసి చూశాను, ఎంత మెత్తగా ఉందో. "ఆవిడ దేనికి పంపింది?"

"గాజు తోమడానికండి."

"అయితే తోము."

అతను తోమాడు. కొబ్బరిపీచుతో, మెల్లగా, పసిపిల్లకి నలుగు పెట్టినట్టు. కుప్పె, గరాటు, రెండు బీకర్లు, ఆఖరికి డబ్బా కూడా. కడిగిన కుప్పెని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. కొత్త గీత ఒక్కటీ లేదు. ఖాళీ డబ్బా తుడిచి నా చేతికిచ్చాడు. రేపు శనివారం, మధ్యాహ్నం నుంచి సెలవు. వసారాలో పొయ్యి తిరగేసి, జార్ నిలబెట్టి, ఊక దట్టించాలి. ఎంత గట్టిగా దట్టించాలో నాకు తెలియదు. ఒకటి రెండుసార్లు ఆరిపోతుంది, తర్వాత అదే చెబుతుంది.

ఆరున్నరకి సరిగ్గా కరెంటు పోయింది. యెహెజ్కేలు అంతకుముందే అగ్గిపెట్టె తీసి ఉంచాడు, లాంతరు వెలిగించి నాకు మెట్లు చూపించాడు. లేబొరేటరీ తలుపు వానలకి ఉబ్బి చాలా ఏళ్లుగా గడపకి రాసుకుంటుంది, రోజూ కాలితో తన్ని మూస్తే కాలేజీ అంతా వినిపిస్తుంది. నేను డబ్బా పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. అతను లాంతరు కింద పెట్టి, రెండు చేతులతో తలుపుని కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి చేర్చి, గొళ్లెం పెట్టాడు.